నక్షత్రం దించేలోపు ఒక ఫొటో పంపండి

డిసెంబరు 26 పొద్దున్నే క్రిస్మస్ అయిపోయిందనే వాళ్లతో నాకు పేచీ. చర్చి లెక్కలో పండగ మొదలయ్యేదే 25న. జనవరి 6న ముగ్గురు రాజుల పండగ దాకా అది నడుస్తుంది. మనవాళ్లేమో డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు పెట్టి, వీధికో కేకు కోసి, అసలు రోజుకి అలిసిపోతారు. ఇక ఫిల్మ్‌నగర్‌లో క్రిస్మస్ అంటే ఒక రిలీజ్ డేటు. 2021లో ‘శ్యామ్ సింగరాయ్’ డిసెంబరు 24న వచ్చింది, 2023లో ‘సలార్’ 22న. ఆ వారం కలెక్షన్లు తేలగానే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చుట్టుపక్కల మాటలన్నీ సంక్రాంతి సినిమాల మీదికి మళ్లుతాయి.

నేను స్టిల్ ఫొటోగ్రాఫర్‌ని. ఊరు తెనాలి దగ్గర, ఇల్లు కృష్ణానగర్‌లో. మా గుమ్మానికి కట్టిన కాగితపు నక్షత్రం జనవరి 6 దాకా దిగదు. కరెంటు బిల్లు గురించి ఓనరు గారు ఏటా ఒక మాట అంటారు, ఏటా ఊరుకుంటారు. ఆ రోజుల్లో సాయంత్రాలు నాది ఒకటే పని. ఏడాదంతా తీసిన వాటిలోంచి కొన్ని ఏరి, నాలుగు బై ఆరు సైజులో ప్రింట్లు వేయించి, వెనక పేర్లు రాసి పోస్టు చేస్తాను.

హీరోల ఫొటోలు కావవి. జనరేటర్ వ్యాన్ నీడలో అన్నం తింటున్న లైట్‌మెన్, టీ ట్రేతో వస్తున్న ప్రొడక్షన్ బాయ్, ఇస్త్రీ పెట్టె దగ్గర కాస్ట్యూమర్. పొద్దుట్నుంచి రాత్రి దాకా కెమెరాల మధ్య బతికే ఈ మనుషుల్లో చాలామందికి తాము పనిచేస్తున్న ఫొటో ఒక్కటీ ఉండదు. లీకుల భయంతో పెద్ద సినిమాల సెట్లలో ఫోన్లు కూడా బయటే పెట్టిస్తున్నారాయె. అందుకే మేనేజరు గారిని అడిగి, సినిమా విడుదలయ్యాకే పంపుతాను. పని మానేసి శ్రీకాకుళం వైపు వెళ్లిపోయిన ఒక లైట్‌మన్ ఫోన్ చేసి, “నన్ను తీశావు సరే అన్నా, నా టెన్ కె లైటు సగం కోసేశావే” అని దెప్పాడు. నిజమే, కోశాను. వచ్చే ఏడు ఆ లైటు పూర్తిగా ఉన్నది వెతికి పంపాలి. నా కార్డు కొన్ని ఇళ్లకి భోగి దగ్గరపడ్డాక చేరుతుంది. వాళ్లు దాన్ని సంక్రాంతి కార్డు అనుకుంటారు. అనుకోనివ్వండి.

పండగపూట హీరోలూ కార్డులు పంపుతారు, ఎక్స్‌లో, ఇన్‌స్టాలో. శుభాకాంక్షలు చిన్న అక్షరాల్లో, విడుదల తేదీ పెద్ద అక్షరాల్లో. నా దృష్టిలో అది పబ్లిసిటీ డిజైనర్ బిల్లులో ఒక పద్దు, అంతే. దాని పక్కన 2022 డిసెంబరులో రామ్‌చరణ్, అల్లు అర్జున్, వరుణ్ తేజ్, సాయి ధరమ్ తేజ్ తమ ఇళ్లవాళ్లతో కలిసి దిగిన క్రిస్మస్ ఫొటో పెట్టి చూడండి. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో, ఎవరు కనిపించడం లేదో జనం ముఖం ముఖం వెతుక్కున్నారు. ఫొటోని చూడాల్సింది అలాగే.

1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, వచ్చిపడుతున్న ఉత్తరాలకు జవాబులు రాయలేక, హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత మొదటి క్రిస్మస్ కార్డు వేయించాడు. దాని నడుమ ఉన్నది ఒక కుటుంబమే, మూడు తరాలు ఒకచోట చేరి. 1903లో కొడాక్ వాళ్లు పోస్టుకార్డు సైజు నెగటివ్‌తో కెమెరా తెచ్చాక మామూలు మనిషి కూడా సొంత ముఖాన్నే పోస్టులో పంపగలిగాడు. మనమేమో 1980లు, 90లలో కూడా సినిమా తారల బొమ్మలున్న గ్రీటింగ్ కార్డులు కొని, కవరు అంటించకుండా పైన ‘బుక్‌పోస్ట్’ అని రాసి పంపాం. మన ఇంటి ముఖాలు ఆల్బమ్‌లో దాచి, ఎన్టీఆర్, శ్రీదేవిల ముఖాలు చుట్టాలకి పంచాం!

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకంటారు. ఫోన్‌కి వచ్చిన బొమ్మ మర్నాటి గుడ్‌మార్నింగుల కింద పడిపోతుంది. ఫోన్ మారితే అదీ ఉండదు. అందుకే ఒక ప్రింటు వేయించి పోస్టు చేయండి. ఇరవై గ్రాముల లోపు కవరుకు 5 రూపాయల స్టాంపు చాలు. ఒక్క జాగ్రత్త: వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాశారో, ముందున్న ముఖాల మీద గాట్లు తేలతాయి. సన్న మార్కర్‌తో రాసి, ఆరనిచ్చి, అప్పుడు కవర్లో పెట్టండి. ‘చిన్నాన్న’, ‘పాప’ అని కాకుండా అసలు పేర్లే రాయండి, ఊరూ ఏడూ వేయండి.

నిర్మాతలకు కూడా ఒక మనవి. షూటింగ్ పూర్తయి గుమ్మడికాయ కొట్టిన రోజు మీరు యూనిట్ మొత్తాన్నీ నిలబెట్టి గ్రూప్ ఫొటో తీయిస్తారు. తర్వాత అది మీ ఆఫీసు గోడకి ఎక్కుతుంది, ముందు వరుస వాళ్ల ఇళ్లకి వెళుతుంది. ఈసారి వెనక వరుసలో మునివేళ్ల మీద నిలబడ్డ వాళ్లకీ ఒక్కో ప్రింటు పంపండి. వాళ్ల అడ్రసులు 24 క్రాఫ్టుల యూనియన్ ఆఫీసుల్లో అడిగితే దొరుకుతాయి.