పటము కట్టువారితో ఒక మాట

ఫోటోను పటము కట్టింపబోయినవారు గాజు వెల యెంత, చట్రము ఏ రంగుది యని విచారింతురే గాని, బొమ్మను వెనుక అట్టకు ఏ విధమున నిలుపుదురో అడుగుట అరుదు. అడుగవలసినది అదియే.

1958 నాటి మా తల్లిదండ్రుల పెండ్లి ఫోటో వెనుక, ఎడమనుండి కుడికి నిలుచున్నవారి పేర్లన్నియు మా తాతగారు పెన్సిలుతో వ్రాసియుంచిరి. నేను దానినిచ్చిన దుకాణమున, వెనుకవైపు చూడకయే, మైదాబంక నిండుగా పూసి హార్డుబోర్డునకు అంటించి, గాజును బొమ్మకు ఆనించి బిగించిరి. చదునుగా వచ్చినదని నాడు నేనును సంతోషించితిని. కావున తప్పు వారిదొక్కటే కాదు. పిండి రుచి మరగిన పురుగులు మొదట చేరెను. నాలుగైదు వానాకాలములు గడచుసరికి మా అమ్మ చీర అంచు గాజునకు పట్టుకొని, విడదీయబోయినచోట నెల్ల పెచ్చులై ఊడివచ్చెను. వెండిరేణువులను కాగితముపై నిలిపియుంచు పొర జిలాటిన్, అనగా పశువుల చర్మమునుండియు ఎముకలనుండియు తీసిన జిగురే. తేమ సోకిన మెత్తబడి, తాకిన దానిని పట్టుకొనుట దాని స్వభావము. ఇక కుడి చివర నిలుచున్న బాలుడెవ్వరో చెప్పవలసిన అక్షరములు బంకలో మునిగియున్నవి.

అంటించుట పూర్వాచారమే కదా యని కొందరందురు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున ప్రసిద్ధిగాంచిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలమున చిత్రములు గ్రుడ్డు తెల్లసొన పూసిన పలుచని కాగితముపై దిగుచుండెను. అది తనంత తానే చుట్టుకొనిపోవునట్టిది గనుక దళసరి అట్టకు అతికింపక గత్యంతరము లేకుండెను. తరువాతి మందపు కాగితములకు ఆ యగత్యము తీరినను అలవాటు తీరలేదు. వేడియంత్రమున అదిమి అతికించు డ్రై మౌంటింగు మిక్కిలి సొగసైనది. మరియొక ప్రతి తీయదగిన ప్రదర్శనచిత్రములకు దానిని నేను కాదనను. ఒక్కటే ప్రతి మిగిలిన ఇంటి ఫోటోకు మాత్రము, ఆమ్లములేని అట్టపై నాలుగు మూలలను కాగితపు సంచులలో దూర్చి, పైన కిటికీవలె కోసిన వేరొక అట్టను పరచినచో, దాని మందమే గాజును బొమ్మకు ఎడముగా నుంచును. చవుక అట్ట వలదు; దానిలోని ఆమ్లము కాలక్రమమున ఫోటోను పసుపువారజేయును.

మొన్న మా మేనత్త ఫోటోను ఇట్లే కట్టుమనగా, "అలలు లేస్తాయండీ" యని దుకాణదారు హెచ్చరించెను. లేచినవి. శ్రావణమున కొంచెము లేచి, వేసవిలో అణగుచున్నవి. ప్రక్కనుండి చూచినగాని కానరావు.