బిల్లు వసూలయ్యాకే లాభం

చిన్న పరిశ్రమ పెట్టేవారు పెట్టుబడి గురించి ఆలోచించినంతగా వసూళ్ల గురించి ఆలోచించరు. అట్టపెట్టెలు చేసే యూనిట్‌నే తీసుకోండి. కాగితానికి, కరెంటుకు, కూలీలకు డబ్బు ముందే పోతుంది. నెలనెలా రిటర్ను వేసేవారైతే బిల్లు రాసిన మరుసటి నెల 20కల్లా జీఎస్టీ కూడా కట్టాలి. సరుకు కొన్న కంపెనీ మాత్రం మూడు నెలలు తిప్పుతుంది. పుస్తకంలో లాభం, గల్లాపెట్టెలో అప్పుచీటీలు! ఇది అన్యాయం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్‌ఎంఈడీ) చట్టం ప్రకారం ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారులకు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజుల్లోపు చెల్లించాల్సిందే. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ.

గట్టిగా అడిగితే ఆర్డరు పోతుందన్న భయం నిజమైనదే, కాదనను. కానీ ఒక్క కొనుగోలుదారు మీదే బతికినంత కాలం ఆ భయం వదలదు. అందుకే మొదటి ఆర్డరు నాడే గడువు రాయించుకోవాలి, కొంత అడ్వాన్సు అడగాలి, రెండో కొనుగోలుదారును వెతకడం మొదలుపెట్టాలి.