మాయ ఒకటా, రెండా?

కడుపులో కవలలున్నారని తెలియగానే మన ఇళ్లలో ఎన్ని ప్రశ్నలో! ఎవరి పోలికలు, ఏం పేర్లు పెడదాం, జంట అరటిపండు ఏమైనా తిన్నావా? అరటిపండుకీ కవలలకీ ఏ సంబంధమూ లేదు. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు: "డాక్టరుగారూ, మాయ ఒకటా, రెండా?"

చెరో మాయ ఉంటే కొంత నయం. ఒకే మాయను ఇద్దరూ పంచుకుంటే అందులోని రక్తనాళాలు కలిసి ఉంటాయి. అలాంటి గర్భాల్లో నూటికి పది, పదిహేనింటిలో ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు మళ్లుతుంది. ఇచ్చే బిడ్డకు ఉమ్మనీరు తగ్గిపోతుంది. పుచ్చుకునే బిడ్డకు ఉమ్మనీరు పెరిగి, గుండెమీద భారం పడుతుంది. ఊరుకుంటే ఇద్దరికీ ముప్పే.

మాయ సంగతి 11 నుంచి 14 వారాల మధ్య స్కానింగులో బాగా తెలుస్తుంది. తర్వాత చెప్పడం కష్టం. మాయ ఒకటే అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ చేయించాలి. "అన్నిసార్లా? డబ్బు దండగ" అనే పెద్దలకు నా మనవి ఒకటే. సీమంతం ఖర్చులో కొంత ఇటు మళ్లించండి.

పొట్ట ఉన్నట్టుండి పెరిగి, బిగుసుకుపోయి, ఆయాసం వస్తే "కవలలు కదా, మామూలే" అని సర్దిచెప్పకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కలిసిన నాళాలను లేజరుతో మూసే వైద్యం ఉంది. 2004లో వెలువడిన యూరప్ పరిశోధనలో, ఉమ్మనీరు తీయించుకున్నవారిలో 56 శాతం మందికి కనీసం ఒక బిడ్డయినా దక్కితే, లేజరు చేయించుకున్నవారిలో 76 శాతం మందికి దక్కింది. ఇది అన్ని ఊళ్లలో దొరికేది కాదు. అందుకే ముందుగా తెలియాలి.

నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. ఒక బిడ్డ బక్కగా పుట్టినా, దక్కకపోయినా "సరిగ్గా తినలేదు, బరువులెత్తింది" అంటూ తల్లినే అంటారు. మాయలో నాళాలు ఎలా అల్లుకోవాలో ఏ తల్లి చేతుల్లోనూ లేదు. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి నెత్తిన నేరం కూడా మోపడం ఎంత అన్యాయం!

కడుపులో ఉన్నది ఆడా, మగా అని అడగడం 1994 చట్టం ప్రకారం తప్పు. అదేమో గుసగుసగా అడిగే వాళ్లున్నారు. మాయ గురించి గట్టిగా అడగడానికి మనకెందుకమ్మా మొహమాటం?