క్రిస్మస్ విందులో ఏమి పోస్తున్నాం?

డిసెంబరు వస్తే బందరులో, గుడివాడలో, దివిసీమ పల్లెల్లో విశ్వాసుల ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్‌లు, రాత్రిపూట క్యారల్స్, అరిసెలు, కేకులు. ఈ సందడిలోకి కొన్నేళ్లుగా మరొకటి నెమ్మదిగా వచ్చి కూర్చుంది. నగరాల్లో, విదేశాల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవులకు వస్తూ సీసాలు తెస్తున్నారు. రమ్ములో దాల్చినచెక్క, తేనె, నిమ్మరసం కలిపి అందమైన గ్లాసుల్లో పోసి కాక్‌టెయిల్ అంటున్నారు. మరికొన్ని ఇళ్లలో నవంబరులోనే జాడీలో ద్రాక్షపళ్లు, పంచదార, ఈస్టు వేసి 'క్రిస్మస్ వైన్' పెడుతున్నారు. ఎవరైనా అడిగితే మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి: 'చలికి కదా, కొంచెమే కదా, ఇంట్లోనే కదా!'

కలుపుకుని తాగడం కొత్త ఫ్యాషనేమీ కాదు. సామెతల గ్రంథం నాటికే కలిపిన ద్రాక్షారసం ఉంది. దానికోసం చేరేవారికి శ్రమ, దుఃఖం, జగడాలు, కారణం లేని గాయాలు తప్పవని ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. గిన్నెలో దాని ఎరుపును, మెరుపును చూసి మురిసిపోవద్దంటుంది (సామెతలు 23:29-32). గ్లాసును ఫొటో తీసి స్నేహితులకు పంపే మన కాలానికి ఆ మాట ఎంత దగ్గరగా ఉందో చూడండి.

అయితే వాక్యాన్ని సగమే చెప్పడం న్యాయం కాదు. అదే గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో జ్ఞానం తన విందు బల్ల మీద కలిపిన ద్రాక్షారసాన్నే ఉంచి అందరినీ పిలుస్తుంది. కానాలో యేసుప్రభువు ఆరు రాతి బానల నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడు. తిమోతి కడుపు బలహీనత కోసం కొంచెం పుచ్చుకోమని పౌలు రాశాడు. ఈ వచనాలను దాచిపెడితే మన యువకులు వాటిని వాళ్లే వెదికి తెచ్చి మన ముందు పెడతారు. కానీ ఒకటి గమనించాలి. కానాలో ప్రభువు చేసిన మేలు సిగ్గుపడబోతున్న ఒక కుటుంబం కోసం. మన బల్ల మీద గ్లాసు ఎవరి మేలు కోసం? ఆ మూడు జవాబులనూ ఈ ప్రశ్న ముందు నిలబెట్టాలి.

'చలికి కదా' అంటారు. మద్యం తాగితే చర్మం దగ్గరి రక్తనాళాలు విప్పారి ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి ఆ దారినే బయటికి పోతుంది. వెచ్చదనం భ్రమ, చల్లబడటం నిజం. పైగా మన డెల్టాలో మంచు కురిసే చలి ఎక్కడిది?

'కొంచెమే కదా' అంటారు. జాడీలో ఈస్టు పంచదారను తిని ఆల్కహాలుగా మారుస్తుంది. అది బాగా పులిస్తే మామూలు బీరు కంటే ఘాటుగా తయారవుతుంది. 'ద్రాక్షరసమే' అని పేరు పెట్టినంత మాత్రాన పిల్లల గ్లాసులో అది రసం అయిపోదు. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం అనగలిగే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం నేరం కూడా.

ఇక 'ఇంట్లోనే కదా' అన్నది అన్నిటికంటే బరువైన మాట. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద తిరగబడిన అక్కచెల్లెళ్లు ఎందుకు లేచారు? సారా అమ్మింది దుకాణంలోనే, కాని అన్నం కుండ పగిలింది ఇంట్లో. వారి పోరాటం తర్వాత, మన నిమ్మకూరులో పుట్టి 1983లో గుడివాడ నుంచి గెలిచిన ఎన్.టి. రామారావు 1995 జనవరిలో మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది సడలిపోయింది. చట్టం దుకాణాన్ని మూయగలదు, తెరవగలదు. మన వంటగది అలమర తాళం మాత్రం మన చేతిలోనే ఉంది.

ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు ఉంటారు. ఏళ్ల తరబడి తాగి, అప్పులపాలై, భార్యాబిడ్డలను ఏడిపించి, చివరికి ప్రార్థనతో, వైద్యంతో ఆ ఊబిలోంచి బయటపడినవారు. మానేసి ఆరు నెలలో, ఏడాదో అయివుంటుంది. బ్రాందీ షాపు ఉన్న వీధిని తప్పించి చుట్టు తిరిగి గుడికి వస్తుంటారు. అలాంటి అన్నయ్య విశ్వాసి ఇంట్లో భయం లేదని క్రిస్మస్ భోజనానికి వస్తే, 'ఇంట్లో చేసిందే, రుచి చూడండి' అని మనమే చేతికిస్తే? షాపువాడు చేయలేని పని మన ఆతిథ్యం చేస్తుంది. సహోదరుడు తొట్రిల్లే పక్షంలో మాంసమైనా ద్రాక్షారసమైనా మానుకోవడమే మేలన్నాడు పౌలు (రోమా 14:21). అది నిషేధ చట్టం కాదు, ప్రేమ కొలత.

చేతి నైపుణ్యం తప్పు కాదు. ఒకే తాటిచెట్టు, ఒకే కుండ. లోపల సున్నం పూస్తే తియ్యని నీరా దిగుతుంది, దాన్ని కాచి బెల్లం వండుతారు. సున్నం లేకపోతే పులిసి కల్లవుతుంది. అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు 1869లో ద్రాక్షరసాన్ని సీసాల్లో వేడిచేసి, పులియకుండా ప్రభువు బల్ల కోసం సిద్ధం చేశాడు. అదీ ఇంటి నైపుణ్యమే. ఈ క్రిస్మస్‌కు తాటిబెల్లం, అల్లం, దాల్చినచెక్క, లవంగాలు కాచి వేడివేడిగా ఇవ్వండి. బత్తాయి, దానిమ్మ రసాలను రంగు రంగుల గ్లాసుల్లో పోయండి. పక్కన ఉడికించిన తేగలు పెట్టండి. తాతగారి నుంచి మనవడి దాకా ఒకే పాత్రలోంచి తాగగలిగినదే పండగ పానీయం.

సిలువ దగ్గర బోళం కలిపిన ద్రాక్షారసం ఇచ్చినప్పుడు ప్రభువు పుచ్చుకోలేదు (మార్కు 15:23). మన కోసం పూర్తి మెలకువతో బాధ భరించాడు. ఆయన పుట్టుకను మనమూ మెలకువతోనే పండగ చేసుకుందాం. 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనకు ఇంటిల్లిపాదీ, ఆ అన్నయ్యతో సహా, స్థిరమైన అడుగులతో నడిచివెళ్దాం.