ఎల్గార్ ముట్టుకోవద్దన్న సింఫనీ

1934 ఫిబ్రవరి 23న ఎడ్వర్డ్ ఎల్గార్ కన్నుమూసేనాటికి, బీబీసీ అడిగి రాయించుకుంటున్న ఆయన మూడో సింఫనీ 130కి పైగా పేజీల చిత్తుగా మిగిలింది. మంచం పట్టిన ఎల్గార్, మిత్రుడూ వయొలిన్ విద్వాంసుడూ అయిన డబ్ల్యూ. హెచ్. రీడ్‌ను దగ్గర కూర్చోబెట్టుకుని, దాన్ని ఎవరూ కెలక్కుండా చూడమని ప్రాధేయపడ్డాడు. అయినా ఆంథొనీ పేన్ అనే స్వరకర్త దాన్ని పూర్తిచేశాడు. ఆండ్రూ డేవిస్ నిర్వహణలో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా 1997 అక్టోబరులోనే రికార్డు చేసి, 1998 ఫిబ్రవరి 15న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో తొలిసారి జనం ముందు వాయించింది.

ఇది తప్పనేవాళ్లను తేలిగ్గా తీసెయ్యలేం. పోతున్న మనిషి కోరిక ఒక్కటే కాదు, ఆ కాగితాలూ వాళ్ల పక్షానే మాట్లాడతాయి. మొదటి భాగం ఆరంభం మాత్రం వాద్యబృందమంతటికీ స్వరాలు వేసి సిద్ధంగా ఉంది. తక్కినవి ఎక్కువగా తునకలే. ఏది ఎక్కడ చేరాలో చాలావాటికి గుర్తు లేదు. కొన్ని 1923లో ‘ఆర్థర్’ నాటకానికి కట్టిన సంగీతంలోంచి తెచ్చుకున్నవి. చివరి భాగానికి ముగింపైతే అసలు లేదు. ఎల్గార్ ‘నర్సరీ సూట్’లో బండి దాటిపోయే ఘట్టాన్ని మనసులో పెట్టుకుని, పేన్ సంగీతాన్ని మెల్లగా దూరం చేస్తూ పోయి ఒక్క జేగంట మోత దగ్గర ఆపాడు. వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ ఊహ పేన్‌ది. కచేరీలో విన్నది గాలిలో కలిసిపోతుంది, రికార్డుకెక్కింది నిలిచిపోతుంది. పదిసార్లు విన్న చెవికి ఇక ఎల్గార్ మూడో సింఫనీ అంటే ఆ జేగంటే. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

అటువైపు చూస్తే, అదే ఎల్గార్ తన డాక్టరుతో, నేను పూర్తిచేయలేకపోతే ఇంకెవరో చేస్తారు, లేదా ఇంతకన్నా మంచిది రాస్తారు అన్న అర్థంలో మాట్లాడాడంటారు. పైగా రీడ్ 1936లో అచ్చువేసిన పుస్తకంలో ఆ పేజీల్లో కొన్ని ఉన్నాయి. కాపీరైట్ గడువు తీరితే ఎవరైనా చేయివేయవచ్చు. మొదట ససేమిరా అన్న కుటుంబం, ఆ రోజు రాకముందే తాము నమ్మిన మనిషికి అప్పగించడం మేలనుకుంది. ఇందులో నాకు లోభం కనిపించదు, కాపలా కనిపిస్తుంది.

మనకు ఎర్రన గుర్తురాక మానడు. నన్నయ వదిలిన అరణ్యపర్వశేషాన్ని నన్నయ పేరనే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా పూరించాడు. అయితే నన్నయ వద్దనలేదు. వద్దన్న ఎల్గార్ విషయంలో పేన్ ఇంకొంచెం జాగ్రత్తపడాల్సి వచ్చింది, పడ్డాడు కూడా. ఆ రికార్డు మీద ఉన్నది ‘మూడో సింఫనీ’ అని కాదు, ‘మూడో సింఫనీ చిత్తుప్రతులు, విస్తరణ ఆంథొనీ పేన్’ అని. అతుకు దాచలేదు గనుకే నేను ఆయన పక్షం మొగ్గుతాను.

జబ్బుమంచం మీద ఎల్గార్ కొన్ని స్వరాలు గీసి, కన్నీళ్లతో రీడ్ చేతికిచ్చి, ఇదే ముగింపు అన్నాడు. మూడో భాగం చివర ఒంటరి వయోలా ఆ స్వరాలే పలికి, వాక్యం పూర్తికాకముందే ఆగిపోతుంది. వాటి తర్వాత పేన్ ఒక్క స్వరమూ చేర్చలేదు.