దరఖాస్తు నంబరుతో యంత్రం తిరగదు

ఢిల్లీ ద్వారకాలోని బౌద్ధిక్ సంపదా భవన్‌లో పేటెంట్ల కార్యాలయం ఉంది. ఉత్తరాది రాష్ట్రాల ఆవిష్కర్తల దరఖాస్తులు అక్కడికి వెళతాయి, తెలుగు రాష్ట్రాలవి చెన్నైకి. చట్టం మాత్రం అందరికీ ఒకటే. స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనది ఆవిష్కరణే కాదని 1970 నాటి పేటెంట్ల చట్టం 3(ఎ) సెక్షన్ చెబుతోంది. ఇందుకు ఎప్పుడూ చూపే ఉదాహరణ శాశ్వత చలన యంత్రం.

అయినా 'ఇంధనం అక్కర్లేని జనరేటర్' వీడియోలకు కొదవ లేదు. మోటారు ఫ్లైవీల్‌ను తిప్పుతుంది, ఫ్లైవీల్ జనరేటర్‌ను తిప్పుతుంది, అందులో పుట్టిన కరెంటు మళ్లీ మోటారుకే వెళుతుంది, మిగిలినదానితో నాలుగు బల్బులు వెలుగుతాయి. కింద ఒక పేటెంటు దరఖాస్తు నంబరు. అసలు చిక్కు ఆ నంబరుతోనే.

దాఖలైన దరఖాస్తును మామూలుగా 18 నెలల తర్వాత, శుక్రవారం వెలువడే పేటెంటు జర్నల్‌లో ప్రచురిస్తారు. యంత్రం పనిచేస్తుందా లేదా అని అప్పటికి ఎవరూ పరీక్షించి ఉండనక్కర్లేదు. పరీక్ష కావాలని విడిగా కోరాలి. వెయిటింగ్ లిస్టు నంబరు చూపించి బెర్తు దొరికిందని చెప్పుకోవడం లాంటిది ఇది. కానీ డీజిల్ ఖర్చు భరించలేని రైతుకు, కరెంటు బిల్లు చూసి బెంబేలెత్తే చిన్న వర్క్‌షాపు యజమానికి ఆ నంబరు ప్రభుత్వ ముద్రలా కనిపిస్తుంది. అడ్వాన్సు చేతులు మారేది ఆ భరోసాతోనే.

ఇంతకీ ఉష్ణగతిక నియమాలు కాదంటున్నది దేన్ని? ఆగకుండా కదలడాన్ని కాదు. ఎమ్మారై యంత్రంలోని అతివాహక తీగచుట్టలో ఒకసారి ప్రవేశపెట్టిన కరెంటు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది (ఆ చుట్టను చల్లగా ఉంచడానికయ్యే ఖర్చు వేరే లెక్క). భూమి కూడా తన చుట్టూ తాను తిరుగుతూనే ఉంది. అయితే వాటి నుంచి పని రాబడితే ఆ మేరకు వాటి శక్తి తగ్గి తీరాలి. సముద్రపు పోటుపాట్ల రాపిడి వల్లనే భూమి మీద రోజు నూరేళ్లకు దాదాపు 2 మిల్లీసెకన్ల చొప్పున పొడవు పెరుగుతోంది. ఫ్లైవీల్ సంగతీ అంతే. అది శక్తిని దాచుకుంటుంది, పుట్టించదు. మోటారు, జనరేటర్ చెరో 90 శాతం సామర్థ్యంతో పనిచేసినా నూరు యూనిట్లు ఒక చుట్టు తిరిగొచ్చేసరికి 81 అవుతాయి. బల్బుల మాట దేవుడెరుగు, మోటారుకే చాలవు.

ఇది మొదటి నియమం. దాన్ని గౌరవిస్తూ రెండో నియమాన్ని దాటాలని చూసే ఆలోచనలు ఇంకాస్త తెలివైనవి. మే నెలలో ఢిల్లీ గాలి 45 డిగ్రీలకు చేరుతుంది. అందులో బోలెడంత ఉష్ణశక్తి ఉంది. దానితోనే యంత్రం నడపకూడదా? శక్తిని కొత్తగా పుట్టించడం లేదు కాబట్టి మొదటి నియమానికి అభ్యంతరం లేదు. కానీ వేడి తనకన్నా చల్లని చోటికి ప్రవహించేటప్పుడే దాని నుంచి పని వస్తుందని రెండో నియమం అంటుంది. సరే, 25 డిగ్రీల ఏసీ గదిని ఆ చల్లని చోటు అనుకుందాం. బయటి గాలి నుంచి 100 యూనిట్ల వేడి తీసుకుంటే, లోకంలోకెల్లా ఉత్తమమైన యంత్రం కూడా 6.3 యూనిట్లే పనిగా మారుస్తుంది. మిగతా 93.7 గదిలోకి పోతాయి. గది వేడెక్కకుండా వాటిని తిరిగి బయటికి నెట్టడానికి, ఏ లోపమూ లేని ఆదర్శ ఏసీకి కావలసిన పని ఎంత? సరిగ్గా 6.3 యూనిట్లు. లాభం సున్నా. నిజం యంత్రాలకైతే నష్టమే.

ఒక యూనిట్ కరెంటుతో ఏసీ మూడు, నాలుగు యూనిట్ల వేడిని బయటికి పంపుతుంది కదా, అది 300 శాతం సామర్థ్యం కాదా అని కొందరు అడుగుతారు. కాదు. వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడం వేరు, శక్తిని పుట్టించడం వేరు.

నియమాలు రేపు మారవచ్చు కదా, 3(ఎ) సెక్షన్ కొత్త ఆలోచనలకు తలుపు మూసేయడం లేదా అన్నది గట్టి ప్రశ్నే. భౌతికశాస్త్రవేత్తలు ఈ నియమాన్ని నిజంగానే అనుమానించారు. బీటా క్షయంలో కొంత శక్తి లెక్కకు రాకుండా పోతున్నట్లు కనిపించినప్పుడు, శక్తి నిత్యత్వం అక్కడ వర్తించదేమోనని నీల్స్ బోర్ అంతటివాడు అన్నాడు. కంటికి దొరకని కణమేదో దాన్ని మోసుకుపోతోందని 1930లో పౌలీ ఊహించాడు. 1956లో ఆ కణం, న్యూట్రినో, పట్టుబడింది. ఒకవేళ నియమం ఓడిపోవలసి వస్తే ఓడేది అలాంటి ప్రయోగశాలలోనే, పేటెంటు గుమస్తా బల్ల మీద కాదు. పారిస్ సైన్స్ అకాడమీ ఇలాంటి యంత్రాలను ఇక పరిశీలించబోమని 1775లోనే తీర్మానించింది. అప్పటికి ఉష్ణగతిక శాస్త్రం పుట్టనే లేదు!

ఇంకో వాదన మన పూర్వీకులది. చక్రం ఆకులు బోలుగా చేసి, సగం పాదరసం నింపి మూసేస్తే అది తనంత తాను తిరుగుతుందని 628లో బ్రహ్మగుప్తుడు రాశాడు. 1150లో భాస్కరాచార్యుడు కూడా అలాంటి చక్రాలను వర్ణించాడు. తిరగవు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి పాదరసం ఎంత దిగిందో అంతే ఎక్కాలి. దిగినప్పుడు వచ్చిన శక్తి ఎక్కడానికే సరి, రాపిడికి ఇవ్వడానికి ఏమీ మిగలదు. చక్రవాళ పద్ధతితో అంతటి లెక్కలు చేసిన భాస్కరుడి గొప్పతనానికి తిరగని చక్రాన్ని సాక్ష్యం పిలవడం ఆయనకే చిన్నతనం.

చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. జర్నల్‌లో ప్రచురించే ప్రతి దరఖాస్తు మీదా 'ఇది ప్రచురణ మాత్రమే, పేటెంటు కాదు' అని భారతీయ భాషల్లో పెద్ద అక్షరాలతో వేయాలి. అవసరమైతే నమూనా తెమ్మనే అధికారం చట్టం 10వ సెక్షన్ కింద కంట్రోలర్‌కు ఉంది, ఇలాంటి దరఖాస్తుల్లో దాన్ని వాడాలి. తిరస్కరించేటప్పుడు సెక్షన్ నంబరుతో పాటు శక్తి లెక్క ఎక్కడ తప్పిందో నాలుగు వాక్యాల్లో రాయాలి. ఆ యంత్రం కట్టినవాడికి లేత్ పని, వైండింగ్ పని వచ్చు, తెలియనిది ఆ లెక్కే. కొనేవాళ్లయితే అడ్వాన్సు ఇవ్వకముందు బ్యాటరీ తీయించి, గోడ ప్లగ్గు పీకించి, బల్బులు వెలుగుతుండగానే గదికి తాళం వేసి నెల తర్వాత వస్తామని చెప్పి చూడాలి.