మీడియం వచ్చింది, ‘ఇన్ఫర్’ రాలేదు

మా శ్రీకాకుళం ఇచ్ఛాపురం కాదు, సూరత్ నుంచి హజీరా పోయే దారిలోని ఇచ్ఛాపూర్. బావ అక్కడ కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. మొన్న వేసవిలో థీసిస్ అధ్యాయం ఒకటి పట్టుకుని వాళ్ల గదికి వెళ్లాను. ఏడో తరగతి చదివే మేనకోడలు ఇంగ్లిష్ పేపర్ తెచ్చి ముందు పెట్టింది. పాఠం గడగడా చదివింది. ప్రశ్న దగ్గర ఆగింది.

“మావయ్యా, ఇన్ఫర్ అంటే ఏటి?”

“మీ నాన్న చెప్పులు విప్పే తీరు చూసి కాంట్రాక్టరు డబ్బులిచ్చాడో లేదో నీకు తెలిసిపోతాది గదా, అదే.”

నవ్వింది. జవాబు తనే రాసేసింది.

ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బోర్డుల మీద గుజరాతీ, పుస్తకంలో ఇంగ్లిష్. ఇన్నిటి మధ్య తిరిగే పిల్లను ఒక్క మాట ఆపేసింది. సమ్మరైజ్, కాంట్రాస్ట్, జస్టిఫై, ఎవిడెన్స్ కూడా ఆ కోవలోవే. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకోన్, లిండా కూకన్ 2002లో తెచ్చిన పుస్తకంలో పదాలను మూడు అంచెలుగా విడదీశారు. రోజూ మాట్లాడుకునేవి మొదటివి. కిరణజన్య సంయోగక్రియ లాంటి సబ్జెక్టు మాటలు మూడోవి, వాటిని టీచరు ఎలాగూ చెబుతారు. అన్ని సబ్జెక్టుల్లోనూ ఎదురయ్యే, మాటల్లో అంతగా వినబడని రెండో అంచె దగ్గరే చిక్కంతా. పుస్తకాలున్న ఇళ్లలో అవి అన్నం ముద్దతో పాటే అందుతాయి. మన పిల్లలకు బడే చెప్పాలి. బడేమో అవి వచ్చేసే ఉంటాయనుకుంటుంది.

నాదీ అదే కథ. ఎంఏ మొదటి సెమిస్టరులో ‘క్రిటికల్లీ ఎగ్జామిన్’ అని అడిగితే నవల కథంతా పొల్లు పోకుండా రాసిచ్చాను. మార్జిన్‌లో ‘వర్ణన మాత్రమే’ అని వచ్చింది. మరేం రాయాలో ఎవరూ చెప్పలేదు. నాది రిజర్వేషన్ సీటన్న సంగతి మాత్రం గుర్తు చేశారు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం కోసం జీవో 81 వచ్చినప్పుడు మనలో చాలామందిమి సమర్థించాం. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తమ పిల్లల్ని కాన్వెంట్లకు పంపి మనకు మాతృభాష గొప్పదనం బోధించినవాళ్ల మీద నాకింకా కోపం పోలేదు. అయితే మనమూ మీడియం దగ్గరే ఆగిపోయాం. ఏ పదాలు, ఏ తరగతిలో, ఎలా నేర్పుతారని అడగలేదు.

నా అంచనాలో ముప్పై నలభై పదాలతో మొదలుపెట్టొచ్చు. ఒక్కోదానికీ పిల్లల బతుకులోంచి ఒక ఉదాహరణ కావాలి. ఎవిడెన్స్ అంటే కూలి తగాదాలో అమ్మ చూపించే హాజరు చీటీ. పక్కన తెలుగు రాస్తే ఇంగ్లిష్ చెడిపోతుందనే టీచర్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను.

మేనకోడలు నోటుబుక్కు వెనక పేజీలో ఇప్పటికి పదకొండు రాసుకుంది. నిన్న ఫోన్లో ‘జస్టిఫై’ అడిగింది, ఆలస్యంగా ఇంటికొస్తే నాన్నకు చెప్పే కారణం లాంటిదా అని. దాదాపు అదే, కాకపోతే నాన్న నమ్మాలి అన్నాను.